మూడో చిటికె

మ్యాపుల ఆఫీసు వెనక వీధి,
ఆడవాళ్ళ హాస్టల్, మేడ మీద గది.

బాబాయ్‌కి,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగున్నావనే అనుకుని నేరుగా విషయానికి వస్తున్నాను. నాకు పైపు తాగడం నేర్పాలి.

నవ్వకు. ఈ ఉత్తరం పిన్నికి చదివి వినిపించకు కూడా. ముందు ఏం జరిగిందో విను.

మా ఆఫీసులో మ్యాపులు గీసేవాళ్ళలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. టీ గంట కొట్టగానే మగవాళ్ళంతా వెనక వరండాలోకి వెళ్ళి పైపులు వెలిగిస్తారు. మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారికి పైపు పిచ్చి, ఆయన్ని చూసి మిగతావాళ్ళకీ అంటుకుంది. నేను నా బల్ల దగ్గరే కూర్చుని టీ తాగుతాను. వాళ్ళు తిరిగొచ్చేసరికి ఏ షీటు ఎవరికి అన్నది అక్కడే తేలిపోయి ఉంటుంది. కొండలు, నదులు, రేవులు వాళ్ళకి. నాకు సరిహద్దు చుక్కలు. చేరిన రోజు నుంచీ చుక్కలే పెడుతున్నాను బాబాయ్. కళ్ళు మూసుకున్నా చుక్కలే కనిపిస్తున్నాయి.

మొన్న నా టీ గ్లాసు పట్టుకుని నేనూ వరండాలోకి వెళ్ళాను. మాటలు ఆగిపోయాయి. హెడ్ గారు చాలా మర్యాదగా, ‘ఇక్కడంతా పొగమ్మా, మీకు పడదు. లోపల కూర్చోండి’ అన్నారు. పడకపోతే నేనే వెళ్తాను సార్ అన్నాను. ‘ఇది పైపులవాళ్ళ వరండా. అయితే ఒక పైపు తెచ్చుకోండి’ అన్నారు. అందరూ నవ్వారు. ఆయన సరదాకి అన్నారు. నేను సరదాకి తీసుకోలేదు.

పైపు గురించి అడగడానికి నీకంటే ఎవరున్నారు? మీ షెడ్డులో కలిపిన ఏ పొగాకైనా డబ్బాలో పడాలంటే ముందు నీ ముక్కు దాటాలి కదా. మనింట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేను. సాయంత్రం ఇంటికి రాగానే నా పలక లాక్కుని, ‘ఇవాళ నీకు చెప్పింది నాకూ చెప్పు’ అని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడివి. నీ చేత ‘క్ష’ రాయించేసరికి నా ప్రాణం తోడేశావు. నేను విసుక్కున్నానా? విసుక్కున్నాను. అయినా నేర్పాను.

ఇప్పుడు నీ వంతు.

నీ పంతులమ్మ


పొగాకు షెడ్డు, వెనక గది.

పంతులమ్మగారికి,

ఉత్తరం అందింది. కాదు అని జవాబు రాశాను, చింపేశాను. నీకు కాదు అని చెప్పి నెగ్గినవాడు మనింట్లో ఇంతవరకు పుట్టలేదు.

పార్సిల్లో నా పాత పైపు ఉంది. కాడ మీద పంటి గాట్లు నావే, అసహ్యపడకు. సీసంలా బరువుగా ఉన్న చిన్న కడ్డీ నొక్కడానికి. దూది చుట్టిన తీగలు శుభ్రం చేసుకోవడానికి. తాగాక పైపుని ఒక రోజు ఊరుకోనివ్వు, అది కూడా మనిషి లాంటిదే.

ఇది ఒంటికి మంచిదని నేను చెప్పను. పొగ గుండెల్లోకి పీల్చావని తెలిస్తే నా పైపు నాకు తిరిగి పంపించెయ్. నోట్లోకి తీసుకో, వదిలెయ్, అంతే. వారానికి రెండుసార్లు దాటకూడదు.

నింపడం మూడు చిటికెలు. మా షెడ్డులో ఇలా చెప్తారు. మొదటి చిటికె చంటిపిల్ల చేత్తో నొక్కినట్టు, రెండోది ఆడమనిషి చేత్తో, మూడోది మగవాడి చేత్తో. తర్వాత ఒక దొంగ నిప్పు పెట్టాలి. ఆకు పైకి లేస్తుంది, కడ్డీతో పడుకోబెట్టు. అప్పుడు అసలు నిప్పు. పైపు గిన్నె చెంపకి ఆనించి చూసుకో. చురుక్కుమంటే నువ్వు తొందరపడుతున్నావని అర్థం. తొందర నీకు పుట్టుకతో వచ్చింది, అందుకే రాస్తున్నాను.

ఎర్ర చుక్క పెట్టిన డబ్బా ఒకటి పంపుతున్నాను. అందులో ఏమేం ఆకులు కలిశాయో చెప్పను. తాగి, ఏ వాసన వచ్చింది, నాలుక మీద ముందు ఏది, వెనక ఏది, అంతా రాయాలి. నా ఫీజు అదే. పుస్తకాల మాటలొద్దు. ఎదురింటావిడ గురించి నాతో ఎలా చెప్తావో అలా చెప్పు. ఉత్తరం గురువారానికల్లా నాకు అందేలా చూడు. పొగాకు రకాలు తేల్చే మా బల్ల గురువారాలే కూర్చుంటుంది.

పిన్నికి నేను చెప్పను, నువ్వూ చెప్పకు.

బాబాయ్


హాస్టల్, మేడ మీద గది.

బాబాయ్‌కి,

మేడ మెట్ల మీద కూర్చుని వెలిగించాను. దొంగ నిప్పు బాగానే పడింది. అసలు నిప్పు పడ్డాక నాలుక కాలింది, తల తిరిగింది, ఒక మెట్టు రెండు మెట్లయ్యాయి. నా గదిలోనే ఉండే నర్సు డ్యూటీ నుంచి వస్తూ చూసి అక్కడే నిలబడిపోయింది.

‘నోటి జబ్బులకి మా దగ్గర వేరే వార్డు ఉంది తెలుసా?’ అంది.

తెలుసన్నాను.

‘మరి?’

‘మంచిదని నేనూ అనడం లేదు. మంచిది కానిది మగవాళ్ళు మాత్రమే చెయ్యాలని ఎక్కడ రాసుంది?’

అది తన మంచినీళ్ళ సీసా నా పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. సీసా మొత్తం తాగేశాను, నాలుక మీద నిప్పులున్నాయి.

మూడో ప్రయత్నానికి గాని ఎర్ర చుక్క నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నీ ఫీజు కడుతున్నాను. డబ్బా మూత తీయగానే వానలో తడిసిన పలక సంచి వాసన. నా గోనెగుడ్డ సంచి గుర్తుందా? సుద్ద, తడి గుడ్డ, అడుగున మరిచిపోయిన రేగుపండు. అదీ. వెలిగించాక ముందు ఎండుగడ్డి తీపి, తర్వాత పాలు అడుగంటి మీగడ మాడినట్టు. చివర్లో కొంచెం వగరు, అది నాలుక అంచుల్లో ఉండిపోతుంది, చెప్పాల్సిన మాట చెప్పకుండా వెళ్ళిపోయిన చుట్టంలాగా.

నిన్న వరండాలోకి పైపుతో వెళ్ళాను. కుర్చీ ఎవరూ ఇవ్వలేదు, నా బల్ల దగ్గరి స్టూలు నేనే మోసుకెళ్ళాను. పైపు మాటిమాటికీ ఆరిపోయింది. ఆరిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు గొంతు సవరించుకున్నారు. నేను మళ్ళీ వెలిగించాను. గంట కొట్టేదాకా అలాగే కూర్చున్నాను. షీట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. అంటే నా ముందు మాట్లాడలేకపోయారు. నాకు అది చాలు, ఈ వారానికి.

ఇంకో మాట. మూడో చిటికె మగవాడి చేత్తో అన్నావు. అది కూడా నా చేత్తోనే నొక్కాను. బాగానే కాలింది.

నీ పంతులమ్మ


పొగాకు షెడ్డు, వెనక గది.

పంతులమ్మగారికి,

పలక సంచి! ఆ మాట చదివి షెడ్డులో ఒక్కడినే నవ్వుకున్నాను. నీది ముక్కే కాదు, ముక్కుకి నోరు కూడా ఉంది. అది అందరికీ ఉండదు.

ఆరిపోతోందంటే రెండో చిటికె గట్టిగా పడుతోంది. లూజుగా వెయ్యి. ఆరిపోతే సిగ్గుపడకు, మా బల్ల దగ్గర పండిపోయినవాళ్ళకీ ఆరిపోతుంది.

ఇప్పుడు పసుపు చుక్క, నీలం చుక్క పంపుతున్నాను. కొన్ని సంగతులు తేల్చి చెప్పాలి. పసుపులో పులుపు ముందు వస్తోందా, వెనక వస్తోందా? బూజు వాసన ఏమైనా ఉందా, కొంచెమైనా? నీలంలో పొగబెట్టిన నల్లాకు ఎక్కువైందని ఒకరు అంటున్నారు, కాదని ఒకరు అంటున్నారు. నీకేమనిపిస్తుంది? తిరుగు టపాలో రాయి. ఆలస్యమైతే పాఠం పాతబడిపోతుంది.

ఇక్కడ పిన్ని నా మీద గయ్యిమంటోంది. పాలు పొయ్యి మీద పెట్టి నన్ను చూడమని వెళ్ళిందిట. పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాను. పాలు మాడి గిన్నె నల్లగా అయ్యేదాకా నాకు తెలియలేదు. ‘ముక్కు షెడ్డులో పెట్టి వచ్చావా’ అని ఒకటే సాధింపు. వయసు మీద పడుతోంది, ఏం చేస్తాం.

బాబాయ్


హాస్టల్, మేడ మీద గది.

బాబాయ్‌కి,

నువ్వు అడిగినవి ముందు. పసుపులో పులుపు వెనకే వస్తుంది, చింతచిగురు నమిలాక వచ్చినట్టు. బూజు లేదు. నీలంలో నల్లాకు ఎక్కువ కాలేదు, ముందు కూర్చుంది, అంతే. రెండు గుక్కలు ఓపిక పడితే అది పక్కకి జరిగి తీపి ఆకుకి చోటిస్తుంది. ఎక్కువైందన్న ఆయనకి ఓపిక లేదని నా అనుమానం.

ఈ వారం యుద్ధమే జరిగింది. వార్డెన్ నా పైపుని కిటికీలో చూసింది. మా గది ముందు నిలబడి అందరికీ వినిపించేలా చదువుకున్న పిల్లవి, సిగ్గు లేదా అంది, ఇంట్లోవాళ్ళకి రాస్తానంది. రాయండి, మా ఇంట్లో ఉత్తరం చదవగలిగినవాడే నాకు పైపు పంపాడు అన్నాను.  గదిలో పొగాకు కనిపిస్తే పెట్టె సర్దుకోవాల్సిందే అని ఆవిడ తేల్చేసింది. కింద మెట్ల దగ్గర అందరం చెప్పులు పెట్టుకునే అలమారా ఉంది. డబ్బాలన్నీ అందులో అడుగు అరలోకి మార్చాను. కనిపించడం లేదు కదా, ఆవిడ మాటా చెల్లింది, నా పనీ అయింది.

నువ్వు తర్వాత పంపిన ఆకుపచ్చ చుక్క మాత్రం నాకు నచ్చలేదు. తీపి ఉంది, గింజలు వేయించినట్టు కమ్మదనం ఉంది, కానీ అడుగున ఏదో నూనె కంపు. మైనం కలిసినట్టు. రెండుసార్లు తాగి చూశాను, రెండుసార్లూ ఉంది. మీ ఆకు ఎక్కడో పాడైందేమో చూసుకో.

వరండాలో ఇప్పుడు నా పైపు ఆరడం లేదు. నా బల్ల పక్కన కూర్చునే అతను నిన్న నా దగ్గర ఒక చిటికె అడిగి తీసుకున్నాడు. పొగాకు బాగుందన్నాడు. తర్వాత, హెడ్ గారు వినేలా, ‘రేవు షీటు ఈసారి ఈవిడకి ఇస్తే పోలా’ అన్నాడు. హెడ్ గారు తన పైపు వైపు చూసుకున్నారు. కాదని మాత్రం అనలేదు.

నీ పంతులమ్మ


పొగాకు షెడ్డు, వెనక గది.

అమ్మాయ్,

ఆకుపచ్చ చుక్క సరుకు పక్కన పెట్టించాను. మంచి పని చేశావు.

ఈసారి ఎక్కువ రాయలేను. షెడ్డులో కొంచెం గొడవగా ఉంది. రెండు వారాలు డబ్బాలు పంపలేకపోవచ్చు. పైపుకి విశ్రాంతి ఇవ్వు.

బాబాయ్


హాస్టల్, మేడ మీద గది.

బాబాయ్‌కి,

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను, తగ్గలేదు. అందుకని కోపంతోనే రాస్తున్నాను.

మా ఆఫీసు ఎదురుగా ఒక పొగాకు దుకాణం ఉంది. మీ షెడ్డు సరుకు కొత్తది వచ్చిందని దుకాణాయన నన్ను పిలిచి చూపించాడు. డబ్బా మీద అట్టముక్క ఉంది. దాని మీద అచ్చు: ‘వానలో తడిసిన పలక సంచి పరిమళం, మాడిన మీగడ రుచి.’ దుకాణాయన, ‘ఎవరు రాశారో గాని మహానుభావుడు’ అన్నాడు. రేగుపండు మాత్రం వదిలేశారు.

మొదట గర్వపడ్డాను, దాచను. గదికి నడిచొచ్చే దారిలో గర్వం పోయింది. నీ ప్రశ్నలన్నీ వరసగా గుర్తొచ్చాయి. పులుపు ముందా వెనకా. బూజు ఉందా. గురువారానికల్లా రాయి. అది నేర్పేవాడు అడిగే పద్ధతి కాదు. పాలు మాడితే పక్కనున్న నీకు తెలియకపోవడం వయసు వల్ల కాదు.

నీకు వాసన తెలియడం లేదు కదూ?

ఇంకోటి చెప్పాలి, ఇది నా వంతు. నిన్న చెప్పుల అలమారా శుభ్రం చేశాం. నర్సు తెల్ల బూట్లకి రాసే పాలిష్ డబ్బా పగిలి, మీ ఆకుపచ్చ చుక్క డబ్బా వెనక కారి గడ్డకట్టి ఉంది. డబ్బా మూత నేను సరిగ్గా బిగించలేదు. పొగాకు పక్కనున్న దాని వాసన పీల్చేసుకుంటుందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మీ ఆకులో ఏ లోపమూ లేదు. ఆ మైనం కంపు బూట్ల పాలిష్‌ది.

వార్డెన్‌కి భయపడి నేను డబ్బాని దాచాను. ఎవరికో భయపడి నువ్వు నీ ముక్కు సంగతి దాచావు. రెండూ కలిసి మంచి సరుకుని పక్కన పెట్టించాయి. షెడ్డులో గొడవ అదేనా?

నన్ను శిష్యురాల్ని చేశావనుకున్నాను. ముక్కుని చేశావు. నిజం రాయి. ఈసారి పాఠాలొద్దు.


ఇల్లు.

తల్లీ,

ఇది షెడ్డులో కూర్చుని రాయలేక ఇంట్లో రాస్తున్నాను. పిన్ని ఎదురుగా ఉంది. తనకి అంతా చెప్పాను. చెప్పాక, ‘పాలు మాడిన రోజే నాకు తెలుసు, నువ్వే చెప్తావని చూస్తున్నా’ అంది. నేనొక్కడినే దాచానని అనుకున్నాను, నా దగ్గర అందరూ దాస్తున్నారు.

వానాకాలంలో జ్వరం వచ్చింది కదా. జ్వరం తగ్గింది. లేచి షెడ్డుకి వెళ్ళి ఆకు బేలు విప్పాను, వాసన ఏమీ రాలేదు. కాగితాల కట్ట విప్పినట్టుంది. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకున్నాను. డాక్టరు, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. తీపి, చేదు నాలుకకి తెలుస్తున్నాయి. మిగతాదంతా గోడ.

మా బల్ల సంగతి నీకు పూర్తిగా తెలియదు. దాని చుట్టూ ఐదు కుర్చీలు. ప్రతి రకం అక్కడ పైపుల్లో తాగి, బాగుందనుకుంటేనే డబ్బాల్లోకి వెళ్తుంది. పైపు వెలిగించినవాళ్ళే అక్కడ మాట్లాడాలి, పక్కన నిలబడ్డవాళ్ళు నోరు విప్పకూడదు. అది మొదటి నుంచీ ఉన్న పద్ధతి. నేను బస్తాలు మోసే పని నుంచి ఆ కుర్చీ దాకా వచ్చాను. ముక్కు పోయిందంటే కుర్చీ పోతుంది. మళ్ళీ బస్తాలు. నాకు బస్తాలంటే సిగ్గు లేదు, కుర్చీలోంచి బస్తాల దగ్గరికి నడిచివెళ్ళే ఆ గది దాటడమే భయం.

సరిగ్గా అప్పుడు నీ ఉత్తరం వచ్చింది, పైపు నేర్పమని. నేర్పాలనే అనుకున్నాను, ఒట్టు. నీ ఎర్ర చుక్క ఉత్తరం చదివాక దురాశ పుట్టింది. నీ మాటలు బల్ల దగ్గర నావిగా చెప్పాను. యజమాని పొంగిపోయి అట్ట మీద అచ్చు వేయించాడు.

ఆకుపచ్చ సరుకులో మైనం కంపు ఉందని నేను గట్టిగా పట్టుబట్టాను. మిగతా నలుగురికీ ఏ కంపూ తెలియలేదు. వాళ్ళలో ఒకణ్ణి కళ్ళజోడు అంటాం, నా కుర్చీ మీద వాడికి ఎప్పటి నుంచో కన్నుంది. ‘ఈయన ముక్కు ఒకసారి చూడాలి’ అన్నాడు. వచ్చే గురువారం పేర్లు లేని గిన్నెల్లో పొగాకు పోసి నా ముందు పెడతారు. ఏది ఏ రకమో అందరి ముందూ చెప్పాలి.

నువ్వు రావొద్దు. నేను ఏదో ఒకటి చేసుకుంటాను. నీ పాలిష్ సంగతి నేనే చెప్తాను.

నిన్ను ముక్కుని చేశానన్నావు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

బాబాయ్


హాస్టల్, మేడ మీద గది.

బాబాయ్‌కి,

నేను వస్తున్నాను. అడగడం లేదు, చెప్తున్నాను.

నీ మీద జాలిపడి కాదు. పాలిష్ నాది, అది నేనే చెప్పాలి. పలక సంచి కూడా నాదే. నీ బల్ల దగ్గర పైపు ఉన్నవాళ్ళే మాట్లాడాలంటే నాకు పైపు ఉంది. నింపడం వచ్చు, ఆరకుండా కాల్చడం వచ్చు. నువ్వే నేర్పావు, కాబట్టి రావొద్దని చెప్పే హక్కు నీకు ఆలస్యంగా గుర్తొచ్చింది.

డబ్బాలన్నీ అలమారాలోంచి తీసి కిటికీ గట్టు మీద పెట్టాను. వార్డెన్ చూసింది. పెట్టె సర్దుకోమంది. సర్దుకుంటున్నాను. సైకిళ్ళ షాపు మీద ఒక గది ఉందని నర్సు చెప్పింది. దానికీ ఇక్కడ విసుగొచ్చిందట, నాతో వస్తానంటోంది. మెట్ల మీద తాగితే మాత్రం ఊరుకోను అంది, కిటికీ దగ్గరే తాగాలట. ఆ షరతుకి ఒప్పుకున్నాను.

గురువారం పొద్దున బండికి దిగుతాను. పిన్నిని నా మీద కేకలు వేయడానికి సిద్ధంగా ఉండమను.

నీ పంతులమ్మ


ఇల్లు.

తల్లీ,

నువ్వు వెళ్ళి వారం అయింది. ఆ రోజు బల్ల గదిలో ఏం జరిగిందని బండి ఎక్కేదాకా అడుగుతూనే ఉన్నావు. ‘పద, పిన్ని వంట చేసింది’ అని తప్ప నేనేమీ చెప్పలేదు. ఎదురుగా చెప్పడం నా వల్ల కాలేదు. రాసి చూస్తాను.

నిన్ను ప్యాకింగ్ గదిలో కూర్చోబెట్టింది యజమానే. ‘బల్ల దగ్గర ఆడవాళ్ళేమిటి, బయట ఉండమను’ అన్నాడు. తలుపు వేశారు. నా ముందు మూడు గిన్నెలు పెట్టారు. కళ్ళజోడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదటిది వేళ్ళతో నలిపాను. కోత సన్నం, తేమ తక్కువ. పసుపు చుక్క అన్నాను. సరిపోయింది. రెండోది జిగటగా ఉంది, వేళ్ళకి అంటుకుంది. అదీ చెప్పాను. వేళ్ళు ఇంకా బతికే ఉన్నాయి తల్లీ. మూడోది ఎటూ కాకుండా ఉంది. పైపులో నింపి వెలిగించాను. తీపి, వేడి, అంతే. గోడ.

అప్పుడు తలుపు కింద నుంచి పొగ వచ్చింది. నాకు వాసన తెలియదు కదా, కళ్ళతో చూశాను. సన్నగా, ఆగకుండా, ఎక్కడా తొందర లేకుండా. నువ్వు ప్యాకింగ్ గదిలో కూర్చుని వెలిగించావు. బల్ల దగ్గరి పెద్దాయన ఒకరు తల ఎత్తి, ‘ఎవరది, ఇంత కుదురుగా కాలుస్తున్నారు’ అన్నాడు.

నేను లేచాను. నా ముక్కు జ్వరంతో పోయింది, ఇన్నాళ్ళూ మీరు విన్న మాటలు బయట కూర్చున్న మా అమ్మాయివి అని చెప్పాను. పాలిష్ సంగతీ చెప్పాను, ఆకుపచ్చ సరుకు తిరిగి తీసుకోమన్నాను. కళ్ళజోడు చేతులు దించేశాడు.

యజమాని తెలివైనవాడు. మెల్లగా అన్నాడు. ‘ఇది ఈ గదిలోనే ఉండనిద్దాం. గిన్నె బయటికి తీసుకెళ్ళు, ఆ అమ్మాయి చెప్పింది వచ్చి నువ్వు చెప్పు. ఎప్పటిలాగే సాగుతుంది. కుర్చీ నీదే.’

నిజం చెప్తున్నాను, గిన్నె చేతిలోకి తీసుకున్నాను. తలుపు దాకా నడిచాను. గడియ మీద చెయ్యి పెట్టాను. నీకు ఎనిమిదేళ్ళప్పుడు నీ దగ్గర ‘క్ష’ నేర్చుకున్న చెయ్యి అది. పక్కింటి పంతులుగారు చూసి, ‘ఈ అక్షరాలు ఎవరు నేర్పారు’ అంటే నేనే నేర్చుకున్నానని చెప్పాను. నువ్వు అక్కడే నిలబడి ఉన్నావు. నీ మొహం ఎలా అయిందో తలుపు దగ్గర గుర్తొచ్చింది.

వెనక్కి తిరిగి, ‘ఆ మాట దాని నోటితోనే రావాలండీ. కుర్చీ వెయ్యండి’ అన్నాను.

‘వెయ్యను’ అన్నాడు.

నా నొక్కుడు కడ్డీ బల్ల మీద పెట్టి, గది దాటి వచ్చాను. ఇన్నాళ్ళూ ఆ గది దాటడానికే కదా భయపడింది. అది అంత పెద్ద గది కాదు.

ఇప్పుడు ఆకు నలిపి తేమ చూసే పనిలో వేశారు. బస్తాల పక్కనే. వేళ్ళతో పని, బాగానే ఉంది. మధ్యాహ్నం మెట్ల మీద ఎండ కూడా వస్తుంది.

బాబాయ్


సైకిళ్ళ షాపు మీద గది.

బాబాయ్‌కి,

నీ ఉత్తరం చదివి కిటికీ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. నర్సు పొగ రాకపోయేసరికి అనుమానంతో వచ్చి చూసింది.

పంతులుగారి సంగతి నాకు గుర్తుంది. నువ్వు మరిచిపోయావనుకున్నాను. ఇక దాన్ని వదిలెయ్.

మీ యజమాని నాకు ఉత్తరం రాశాడు. అడ్రసు ఎవరిచ్చారో తెలియదు. తాను డబ్బాలు పంపుతాడట, నేను ఇక్కడి నుంచే రాయాలట, అది బల్ల దగ్గర కళ్ళజోడు చదువుతాడట, నా ప్రస్తావన ఎక్కడా రాకూడదట. తగిన ప్రతిఫలం ఉంటుందట. ఒక్క వాక్యం జవాబు రాశాను: ‘కుర్చీ వేసిన రోజున వస్తాను.’ చేతిరాత బాగా కుదిరింది. ఎంతైనా మ్యాపుల మనిషిని.

రేవు షీటు నాకు ఇచ్చారు బాబాయ్. హెడ్ గారు వరండాలోనే, అందరి ముందూ ఇచ్చారు. ఇచ్చి, ‘ఆ పొగాకు ఏమిటమ్మా’ అని అడిగారు. అది ఎక్కడా అమ్మరండి, నేను కలిపింది అన్నాను.

నిజంగానే కలిపాను. మూడు రకాలు కొని, సీసాలో వేసి, రెండు వారాలు మూత బిగించి ఉంచాను. ఈసారి పాలిష్ పక్కన కాదు. నీకు పార్సిల్ పంపుతున్నాను. కొత్త పైపు, ఇక్కడే నింపి, పైన మైనపు కాగితం కట్టాను. కాగితం తీసి వెలిగించడమే. నీకు వాసన తెలియదని నాకు తెలుసు. అయినా పంపుతున్నాను. అందులో ఏముందో నేను చెప్పను. నీ ఫీజు ఏమిటో నీకు తెలుసు.

నీ పంతులమ్మ


షెడ్డు మెట్లు.

పంతులమ్మగారికి,

ఫీజు కడుతున్నాను.

నిన్న గురువారం. బల్ల గది కిటికీ కింద మెట్ల మీద కూర్చుని కాగితం విప్పాను. పిన్ని భోజనం క్యారియర్ పట్టుకొచ్చి పక్కనే కూర్చుంది. వెలిగించాను. తీపి ఉంది, వెనక కొంచెం చేదు, నాలుక కాలలేదు. అంతకు మించి నా నాలుక చెప్పలేదు. మిగతాది పిన్ని చెప్పింది. ఈ వాసన తనకి తెలుసట, నువ్వు బడి నుంచి వచ్చి గోడకి తగిలించే సంచిదట. తర్వాత చుట్టూ చూసి, ‘దాన్ని నాకూ ఒక పైపు పంపమను, ఊరికే పట్టుకోడానికి’ అంది.

పొగ కిటికీలోంచి లోపలికి వెళ్ళింది. బల్ల దగ్గర మాటలు ఆగాయి. కళ్ళజోడు తల బయట పెట్టి, అది ఏ రకమని అడిగాడు. ‘నాకు తెలియదండీ, నాకు ముక్కు లేదు. కలిపినావిడ ఉంది, ఆవిడకి రాయండి. ఉత్తరం మొదట్లో పేరు పక్కన గారు అని పెట్టండి’ అన్నాను. యజమాని లోపలే ఉన్నాడు, విన్నాడు. కిటికీ మూయించలేదు.

ఇప్పుడు నా పాఠం ఒప్పజెప్తాను. పైపు గిన్నె చెంపకి ఆనించి చూశాను, ఎక్కడా చురుక్కుమనలేదు. మొదటి చిటికె మెత్తగా పడింది. రెండోది నేను చెప్పినట్టే లూజుగా ఉంది. మూడోది గట్టిగానే నొక్కావు, కానీ అది మగవాడి చెయ్యి కాదు. పలక మీద బలపం అంత గట్టిగా నొక్కేది ఒక్కరే. ఆ చెయ్యి ఎవరిదో తెలుసుకోవడానికి నాకు ముక్కు అవసరం కాలేదు.

చివరిదాకా ఒక్కసారి కూడా ఆరలేదు.

బాబాయ్